గేటు బయట ముప్ఫై ఒక్క ఆగస్టులు

కొలంబస్, ఒహాయో
జూలై 24, 2011

బాబాయికి,

ఆ శనివారం నా చేతిలోంచి తుపాకి ఎందుకు తీసేసుకున్నావు?

ముప్ఫై రెండేళ్ళుగా అడగాలనుకుంటున్న మాట ఇది. క్షేమసమాచారాలయ్యాక అడుగుదామనుకుంటే, ఎప్పుడూ అక్కడే కాగితం అయిపోతోంది. అందుకని ఈసారి ముందే అడిగేశాను. ఇప్పుడు చెప్పు, ఎలా ఉన్నావు? తుంటి అతుక్కుందా? ఫోన్ చేస్తే నీకు వినపడదు, పిన్ని ఎత్తితే నిన్ను పక్కకు నెట్టి తనే మాట్లాడుతుంది. ఓపల్ పిన్ని నీకు వాకర్ పట్టించి వరండా దాకా నడిపిస్తోందా అని నీ కొడుకు లైల్‌ని అడిగితే, "నడిపించడం కాదక్కా, తోలుతోంది" అన్నాడు.

లైల్ నిన్న వచ్చి వెళ్ళాడు. నువ్వు పంపిన చిన్న రైఫిల్‌ని పాత దుప్పట్లో చుట్టి తెచ్చాడు. విప్పకముందే బరువు చూసి గుర్తుపట్టాను. పన్నెండేళ్ళ పిల్ల భుజానికి సరిపోవాలని వెనక చెక్కని నువ్వు రంపంతో కోశావు, అది అలాగే ఉంది. భుజానికి ఆనించుకుంటే ఇప్పుడు నా మోచెయ్యి డొక్కలో గుచ్చుకుంటోంది.

నాన్నకి శనివారాలు గనిలో షిఫ్టు ఉండేది కనక నువ్వే నన్ను తీసుకెళ్ళేవాడివి. మీ పొరుగున ఇమోజీన్ పెద్దమ్మ పొలంలో రెండో కోత గడ్డి తీసేశారు. పందికొక్కుల్లాంటి ఈలపందులు పొలమంతా బొరియలు చేస్తున్నాయి, ఒక ఆవు కాలు విరిగిందని ఆవిడే నిన్ను రమ్మంది. ఒకటి మట్టిదిబ్బ మీద రెండు కాళ్ళ మీద నిలబడి చూస్తోంది. నేను కాల్చాను. అది ఈల వేసి బొరియలోకి పోయింది. నువ్వు నా చేతిలోంచి రైఫిల్ తీసుకుని, గుండ్లు దులిపేసి, "వెళ్ళి ట్రక్కులో కూర్చో" అన్నావు. గంటసేపు కూర్చున్నాను. తిరిగొచ్చినప్పుడు నీ ఒంటి మీద వేట కోటు లేదు. తర్వాతి శనివారం లైల్‌ని తీసుకెళ్ళావు. మళ్ళీ నన్ను పిలవలేదు.

ఆడపిల్లననే అని నేనే తేల్చుకున్నాను. ఆడపిల్లగా పుట్టడమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసిందని క్లాసులో పిల్లలకి ఏటా చెబుతాను కూడా. చరిత్ర చెప్పేదాన్ని, సాక్ష్యం లేకుండా ఒక్క మాటా రాయొద్దని వాళ్ళకి నేర్పేదాన్ని.

ఇన్నేళ్ళకి ఇప్పుడు పంపావంటే భయంగా ఉంది. వస్తువులు పంచిపెట్టడం మొదలుపెట్టావా? డాక్టరేమన్నాడో దాచకుండా రాయి.

డార్లా

*

ఎల్క్ ఫోర్క్, వెస్ట్ వర్జీనియా
ఆగస్టు 1

డార్లమ్మా,

డాక్టరేమీ అనలేదు. బంగాళాదుంపలు తగ్గించమన్నాడు. అంతకంటే చావమనొచ్చుగా అన్నాను. మీ పిన్ని టొమాటోలు సీసాల్లో పెడుతోంది, ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. నాకున్నదే ఒకటిన్నర కాలు.

వస్తువులు పంచటం లేదు. పంచటానికేముంది, నాలుగు తుపాకులూ ఒక వాకరూ. అది పంపింది గోడకి తగిలించుకోటానికి కాదు, శుభ్రం చేసి నూనె పెట్టుకోమని. సెప్టెంబర్ రెండో శనివారం ఉడుతల వేట మొదలవుతుంది. ఈ ఏడు నువ్వు రా. లైల్ ఆ వారం పని మీద ఊళ్ళో ఉండడు. నేను చెవిటోణ్ణి, కుంటోణ్ణి, కళ్ళు మాత్రం దివ్యంగా ఉన్నాయి. నేను చూపిస్తా, నువ్వు కొట్టు.

చిక్కల్లా చోటు దగ్గరే. మన వైపు అడవంతా నిలువు కొండ. "నువ్వు కొండెక్కితే ఈసారి రెండో తుంటి నేనే విరగ్గొడతా" అంది మీ పిన్ని. చదునుగా ఉన్నది ఇమోజీనమ్మ వాగు పక్క, ఉడుతలు కాయలు తినే హికరీ చెట్ల తోపొక్కటే. బకెట్ బోర్లేసుకుని కూర్చుంటే చాలు. ఏటా ఆగస్టు మొదటి వారం నేనే వెళ్ళి అడుగుతా. ఈసారి వెళ్ళలేను. నా బదులు నువ్వు అడుగు. శనివారానికే అడుగు, ఆదివారం మన కౌంటీలో తుపాకి పట్టనివ్వరు, గుర్తుందిగా.

నువ్వడిగిందానికి: ఆ రోజు ఎండెక్కువగా ఉంది. అంతే.

నీ బాబాయి
వెర్లిన్

*

కొలంబస్
ఆగస్టు 9

బాబాయికి,

ఎండెక్కువగా ఉందన్న జవాబు అందింది. ఆడపిల్లవని రాయడానికి మొహమాటమైతే పోనీలే, నేను పట్టుబట్టను.

ఇమోజీన్ పెద్దమ్మని నీ తరఫున అడిగాను. నిన్న సాయంత్రం ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

"ఎవరు?" అంది. నా పేరు, నీ పేరు చెప్పి సంగతి చెప్పాను.

"అడవి కావాలంటే ఫోన్లో అడుగుతారా ఎవరన్నా? మీ కాలేజీలో నేర్పేది ఇదేనా?"

"నాలుగు గంటల దూరం పెద్దమ్మా, అందుకని..."

"మీ బాబాయి బతికే ఉన్నాడా?"

"ఉన్నాడండి."

"అయితే ఇవ్వను" అని పెట్టేసింది.

నువ్వు బతికుండటం ఆవిడకి అంత కంటగింపు ఎందుకో నాకర్థం కాలేదు. మీ ఇద్దరికీ ఏం జరిగిందో తెలీకుండా నన్ను మధ్యలో ఎందుకు పెట్టావు? నీ కోసం వేరే చోటు వెతికాను. ప్రభుత్వ అడవిలో నడవలేనివాళ్ళ కోసం చెక్క వేదికలు కట్టారట, తారు రోడ్డు అక్కడిదాకా వెళుతుందట. పేరు రాయించనా?

డార్లా

*

ఎల్క్ ఫోర్క్
ఆగస్టు 14

డార్లమ్మా,

చెక్క వేదిక నాకెందుకే, నేనేమన్నా పెళ్ళికొడుకునా? అట్లాంటివి వద్దు.

ఫోన్ చేశావని చదివి మీ పిన్ని నెత్తి కొట్టుకుంది. నిన్ను కాదులే, నన్ను తిట్టింది. ఎలా అడగాలో నేను రాయలేదు. చిన్నప్పుడు నా వెనక నిలబడి చూశావు కదా, గుర్తుండే ఉంటుందనుకున్నా. ఇక్కడ ఫోన్లో ఎవరూ అడవి అడగరమ్మా. తమ పొలంలో తుపాకి పేల్చే మనిషి మొహం చూడకుండా ఎవరిస్తారు?

ఇదిగో, సరిగ్గా చదువు. కారు గేటు బయటే ఆపు. తుపాకి వెంట తీసుకెళ్ళకు. గేటు తియ్యి, లోపలికెళ్ళి వెయ్యి, గొళ్ళెం పెట్టు. ఆవిడ కిటికీలోంచి చూసేలాగా నడి దారిలో నడిచి వెళ్ళు. మెట్లెక్కకు, కింద నిలబడు. టోపీ చేతిలో పట్టుకో. చుట్టూ తిప్పకుండా అడుగు. కాదంటుంది. "మంచిదండీ" అని చెప్పి వచ్చెయ్యి. వచ్చేటప్పుడు మళ్ళీ గేటు.

ఎలాగూ కాదంటుంది. ముప్ఫై ఒక్క ఆగస్టులు నాతో కాదనే అంది. ఆ తోపులో అన్నేళ్ళుగా నేను ఒక్క గుండు కాల్చలేదు. మరెందుకు వెళ్ళటం అంటావు. నేను అడక్కపోతే ఆవిడ కాదనేది ఎవరిని? ఈసారి మటుకు నిజంగా కావాలి. ఈ తుంటితో వచ్చే ఏడు మాట నేనివ్వలేను.

ఇంకోటి. ఆడపిల్లవనా? మా అమ్మ పెళ్ళిబట్టల్లో ఉండి కోళ్ళగూటి దగ్గరకొచ్చిన నక్కని కొట్టిన మనిషి. మీ పిన్ని నాకంటే బాగా కొడుతుంది, ఆ సంగతి ఊళ్ళో చెప్పదనే నేను పెళ్ళి చేసుకుంది. ఇన్నేళ్ళూ అట్లా అనుకుంటున్నావని తెలిస్తే ఎప్పుడో ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

కోసిన చెక్క ముక్క పారెయ్యలేదు. పార్సెల్లో వస్తోంది. రెండు స్క్రూలు బిగిస్తే తుపాకి నీ భుజానికి సరిపోతుంది.

వెర్లిన్ బాబాయి

*

కొలంబస్
ఆగస్టు 22

బాబాయికి,

వెళ్ళొచ్చాను. మీ ఇంటి ముందు నుంచే వెళ్ళి కూడా ఆగలేదు. పిన్నికి క్షమించమని చెప్పు. ఆ మొహంతో మీ ముందుకు రాలేకపోయాను.

శనివారం పొద్దున పది గంటలకి కారు గేటు బయట ఆపాను. గేటు, గొళ్ళెం, నడి దారి, అన్నీ నువ్వు చెప్పినట్టే. ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను దగ్గరికి వచ్చేదాకా తలెత్తలేదు, కానీ కాయలు తుంచడం ఎప్పుడో ఆపేసింది.

"ఎవరమ్మాయివి?"

"వెర్లిన్ అన్న కూతుర్ని పెద్దమ్మా. డార్లాని."

"ఫోన్ పిల్లవా?"

"అవునండి."

"కాళ్ళున్నాయన్నమాట."

టోపీ చేతిలో పట్టుకుని అడిగాను. పదిహేనేళ్ళుగా వందమంది ముందు నిలబడి పాఠం చెబుతున్నాను, నా గొంతు ఇంత చిన్నదని తెలియదు. ఆవిడ నా మాట పూర్తి కానివ్వలేదు.

"వాడేడీ?"

"తుంటి విరిగింది. వాకర్ మీద ఉన్నాడు. కొండెక్కలేడు."

ఆవిడ గిన్నె పక్కన పెట్టేసింది. "అదీ సంగతి. ఆగస్టు మొదట్లో నాలుగు రోజులు రోడ్డు చూశాను. ఏటా వచ్చేవాడు రాలేదు. పోయాడేమోనని పేపర్లో వెతికాను. కాదు అని చెప్పటానికి నేనిక్కడ తయారుగా కూర్చున్నాను, అడిగేవాడు లేడు. ఆ తర్వాత నువ్వు ఫోన్ చేశావు. బతికే ఉన్నాడన్నావు. బతికుండి కూడా తను రాకుండా ఫోన్ చేయిస్తాడా అని ఒళ్ళు మండిపోయింది."

"ఆయన చేయించలేదు. నాకే తెలీక చేశాను."

"తెలీదులే. పట్నం వెళ్ళావుగా."

అప్పుడు అడిగాను, ఇన్నేళ్ళు ఎందుకు కాదన్నారని. "నీకు చెప్పలేదా?" అంది. తనే చెప్పింది. ఆ ఏడు మే నెలలో వాళ్ళాయన పోయాడు. ఆవుల్ని మళ్ళించే కుక్క, పెన్నీ, ఆయన వెనకే తిరిగేది. జూలైలో ఒక శనివారం నువ్వు పొలానికి అడ్డంపడి నడిచొచ్చావట, కోటులో కుక్కని చుట్టుకుని. మెట్ల కింద నిలబడి, "నేనే కాల్చానమ్మా. దిబ్బ వెనక నీడలో పడుకుంది, చూళ్ళేదు" అన్నావట. గొయ్యి కూడా నువ్వే తవ్వావట.

"ఇంకొకడైతే దాన్ని బొరియలోకి తోసి మట్టి కప్పి పోయేవాడు" అంది. "ఇక నా నేల మీద తుపాకి వద్దన్నాను. సరేనన్నాడు. మరుసటేడు ఆగస్టులో మళ్ళీ మెట్ల కింద నిలబడ్డాడు, టోపీ పట్టుకుని."

బాబాయ్, ఆ పొలంలో నాకు తెలిసి ఆ రోజు కాల్చింది నేను. నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆవిడే అంది, "రమ్మను. గేటు దాటి కారులోనే తీసుకురా, నడిపించకు. బకెట్ ఎందుకు, ఇంట్లో కుర్చీ ఉంది."

మంచిదండీ అని చెప్పి వచ్చేశాను. గేటు వేశానో లేదో అనుమానమొచ్చి రెండు మైళ్ళు వెనక్కి వెళ్ళి చూశాను. వేసే ఉంది.

ఇప్పుడు చెప్పు. ఆ కుక్కని చంపింది నేనేనా?

డార్లా

*

ఎల్క్ ఫోర్క్
ఆగస్టు 29

డార్లమ్మా,

రమ్మందన్న వాక్యం మీ పిన్నిచేత మూడుసార్లు చదివించాను. కళ్ళు బాగానే ఉన్నాయి, ఊరికే. ఆ తర్వాత కాసేపు వరండాలో కూర్చున్నాను. నీకు చాలా రుణపడ్డానమ్మా. నేను ముప్ఫై ఒక్కసార్లు వెళ్ళి తేలేనిది నువ్వు ఒక్కసారి వెళ్ళి తెచ్చావు.

నువ్వడిగింది రాస్తాను. నాలుగు కాగితాలు చింపాను. ఇది కూడా చింపితే మీ పిన్ని ఊరుకోదు.

ఆ రోజు నువ్వొక్కదానివే కాల్చలేదు. నువ్వు గురి పెట్టి చాలాసేపు పట్టావు. అది బొరియలోకి దిగిపోతుందనిపించి నేనూ పెట్టాను. ఇద్దరం ఒకేసారి నొక్కాం. నీకు ఒకటే చప్పుడు వినిపించి ఉంటుంది. నాకూ ఒకటే వినిపించింది, గుండ్లు మటుకు రెండు పోయాయి. ఈలపందికి ఏమీ కాలేదు. దాని వెనక కుక్క లేచి, రెండడుగులు వేసి, పడిపోయింది. నువ్వు బొరియ వైపు చూస్తున్నావు, అటు చూళ్ళేదు. అందుకే నిన్ను ట్రక్కులోకి పొమ్మన్నాను.

ఒకటే దెబ్బ ఉంది. నీ తుపాకీ నా తుపాకీ ఒకే రకం, ఒకే డబ్బాలో గుండ్లు. ఎవరిదో ఎట్లా చెప్పను. దిబ్బ వెనక ఏముందో చూడకుండా కాల్చకూడదని నీకు నేర్పాల్సింది నేను. నేనే చూళ్ళేదు. నాదేనని చెప్పాను.

మొదటి రెండేళ్ళు నీదనుకున్నాను. తర్వాత చాలాకాలం నాదనుకున్నాను. ఈమధ్య ఏ ఏడు ఎట్లా అనిపిస్తే అట్లా.

నిన్ను మళ్ళీ ఎందుకు పిలవలేదంటే, నువ్వు భుజానికి తుపాకి ఎత్తిన ప్రతిసారీ నా మొహం చూస్తావు. నా మొహం ఏదీ దాచలేదని మీ పిన్ని అంటుంది. పన్నెండేళ్ళ పిల్ల మొయ్యాల్సింది కాదు అది. ఓ ఏడాది పోయాక పిలుద్దామనుకున్నాను. ఈలోగా నువ్వు పుస్తకాల్లో పడ్డావు, ఇదీ మంచిదేలే అనుకున్నాను. ఆడపిల్లనని అనుకుంటావని తట్టలేదు. అది నా తప్పే.

ఇమోజీనమ్మకి చెప్పకు. ఎప్పుడో అయిపోయిన మాట.

ఊలు చొక్కా తెచ్చుకో, తెల్లారుజామున వాగు దగ్గర చలి.

వెర్లిన్

*

కొలంబస్
సెప్టెంబర్ 11

బాబాయికి,

రాత్రి పొద్దుపోయాక ఇంటికి చేరాను. చొక్కాకి ఇంకా హికరీ కాయ తొక్కల వాసన వస్తోంది. నిన్ననే కదా వదిలి వచ్చింది, ఉత్తరం ఎందుకంటావేమో. నీ ఎదురుగా ఎన్నిసార్లు అరిచినా నువ్వు "ఆఁ?" అనే మాటలు కొన్ని ఉన్నాయి. అవి కాగితం మీదే పెట్టాలి.

ముందు థాంక్స్. ఆ కుర్చీలో దుప్పటి కప్పుకుని నువ్వు కూర్చున్న తీరుకి. వేలు కూడా ఎత్తకుండా కనుబొమలతో కొమ్మ చూపించినందుకు. ఐదు ఉడుతల మీద నేను వరసగా గురి తప్పితే ఒక్క మాట అనకుండా, ఆరోది పడ్డప్పుడు "గాలి తగ్గింది" అన్నందుకు. ప్రతిసారీ ట్రిగ్గర్ నొక్కే ముందు చెట్టు వెనక ఏముందో నేను చూసుకోవడం నువ్వు చూశావు. ఏమీ అనలేదు, దానికి కూడా. రెండే ఉడుతలు కొట్టాను. పదేళ్ళ జీతం కంటే అవే ఎక్కువనిపించాయి.

ఇంకో థాంక్స్ ఎలా రాయాలో తెలియడం లేదు. నాకు పన్నెండేళ్ళప్పుడు నువ్వు నా భుజం మీద నుంచి తీసినది నాదో కాదో కూడా తెలీకుండా తీశావు. పిల్లలకి ఏటా నేను చెప్పే ఆ కథ ఇక చెప్పను. దాని బదులు ఏం చెప్పాలో ఇంకా దొరకలేదు. నీ మీద కోపం వస్తుందేమోనని దారంతా ఎదురుచూశాను. మారియెట్టా దాకా రాలేదు. అక్కడ నది దాటుతుంటే కొంచెం వచ్చింది, నన్ను అడక్కుండా నా తప్పు నువ్వు ఉంచేసుకున్నావని. అవతలి ఒడ్డు చేరేసరికి పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఉడుతల్ని ఒలిచి ఉప్పునీళ్ళలో వేసి ఇమోజీన్ పెద్దమ్మ వంటింటికి తీసుకెళ్ళాను. నువ్వు వరండాలో కునుకు తీస్తున్నావు. ఆవిడ పిండిలో దొర్లించి వేయిస్తూ, నీకు ఎటూ వినపడదని తెలిసినా గొంతు తగ్గించింది.

"మీ బాబాయి మంచి వేటగాడేం కాదు. ఆ మాట మా ఆయనే అనేవాడు."

"బాబాయికి చెప్పనా?"

"చెప్పు, నాకేం భయం. ఆ కుక్క పోయిన నెల్లో నా దగ్గరికి ఎంతమంది వచ్చారో తెలుసా? మా ఆయన బాకీ ఉన్నాడని ఒకడు, ఆవులు ఇస్తానన్నాడని ఒకడు, పొలం అమ్మితే మంచి ధర ఇస్తానని ఒకడు. అందరూ అబద్ధాలే. ఒక్కడు మాత్రం తన తప్పు తనే మోసుకుంటూ నా మెట్ల దగ్గరికి వచ్చాడు. మగవాళ్ళు నిజం కూడా చెబుతారని అప్పుడు నమ్మకం కుదిరింది. అమ్మకుండా నిలబడ్డాను."

"మరి ఇన్నేళ్ళు ఎందుకు కాదన్నారు?"

"సరే అంటే మళ్ళీ రాడేమోనని" అంది, పెనం మీద నుంచి తల తిప్పకుండా. "ఆ మొక్కజొన్న రొట్టె అందుకో."

అంతే. నిన్ను లేపాను. ముగ్గురం తిన్నాం. నువ్వు నాలుగు ముక్కలు తిన్నావు, బంగాళాదుంపలు కూడా. పిన్నికి రాయనులే.

నిన్ను ఇంట్లో దింపి వస్తూ ఆవిడ గేటు దగ్గర కారు ఆపాను. వరండాలో దీపం ఉంది. ఆవిడ పొలాన్ని నిలబెట్టుకున్న నమ్మకంలో సగం నిజం ఉందో, అసలు లేదో. ఆ మాట చెప్పే హక్కు ఆవిడకి ఎనభై రెండేళ్ళు వచ్చాక నాకు ఉందా? చెప్పకపోతే, మీ ఇద్దరి మంచితనం తిని చేతులు కడుక్కున్నదాన్ని అవుతానా? చెప్పకు అన్నావు. సరేనని నేను అనలేదు, గమనించే ఉంటావు. గేటు తీయలేదు. ఇంజను ఆపలేదు.

వచ్చే ఆగస్టులో అడగడానికి నేనే వెళతాను, అది మాత్రం ఖాయం. టోపీ పట్టుకుని మెట్ల కింద నిలబడ్డాక, అడవి అడిగి ఊరుకుంటానో, ఆ శనివారం నేనూ కాల్చానని చెబుతానో, నాకింకా తెలియదు.

డార్లా